యాభై ఎనిమిదో పేజీ

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈసారి రాసే పుస్తకం అట్ట మీద నా పేరు వేస్తారు. ముందు ఈ సంగతి రాసుకుని, మిగతావి తర్వాత రాస్తాను.

ఇరవై రెండేళ్లుగా రాస్తూనే ఉన్నాను. హెడ్మాస్టర్ల పదవీ విరమణ సంచికలు రాశాను, చైర్మన్ల ప్రసంగాలు రాశాను. ఒక కాంట్రాక్టరు వాళ్ల నాయన జ్ఞాపకాల పుస్తకం మొత్తం నేనే రాస్తే, అట్ట మీద తన పేరు వేసుకుని లోపల "సహకరించిన మిత్రులకు ధన్యవాదాలు" అన్నాడు. ఆ మిత్రుల్లో నేనూ ఒకదాన్ననుకుని సరిపెట్టుకోవాలి. తెలుగు బాగా రాసే సాయిబులామె ఒకామె కర్నూల్లో ఉంది, పిలిపించండి అంటారు. పనయ్యాక సాజియా ఎవరో ఎవరికీ గుర్తుండదు.

ఇవాళ నందికొట్కూరు నుంచి తేజేశ్వర్ గారు కారు పంపించారు. నన్నారి షర్బత్ కంపెనీ యజమాని. ఆయన కంపెనీ అనడం తప్పు, వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మ గారి కంపెనీ. ఆమెకిప్పుడు ఎనభై ఒక్క ఏళ్లు. ముప్పై రెండేళ్లప్పుడు భర్త పెద్దసుబ్బయ్య పోయాడు. శెట్ల ఇళ్లలో భర్త పోయిన ఆడమనిషి వాకిట్లోకి కూడా రాని రోజుల్లో, ఆమె మూలికల కొట్టు వెనక కట్టెల పొయ్యి పెట్టి, నన్నారి వేర్లు, అంటే సుగంధిపాల వేర్లు, కాచి షర్బత్ చేసి అమ్మింది. ఇప్పుడు కడప నుంచి ఆదోని దాకా ఆ సీసా లేని అంగడి లేదు. ఆమె జీవితకథ ఉగాదికి రావాలట.

తేజేశ్వర్ గారు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చేతికిచ్చారు. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కింద ఫ్రాన్సు దేశంలో ద్రాక్షసారా వ్యాపారం నడిపిన ఒక విధవరాలి కథ.

"ఇట్ల రావాల మేడం. ఈ దొరసాని కంటే మా యమ్మ ఏం తక్కువ చేసింది? ఆమె సారాయి అమ్మింది, మా యమ్మ షర్బత్ అమ్మింది. మనదే మేలు గదా."

నేను ఒకే ఒక్కటి అడిగాను. అట్ట మీద ఎవరి పేరుంటుందని. ఆయన నవ్వారు. "మీరు రాసేదానికి ఇంగెవురి పేరేస్తారు మేడం?"

ఇంటికొచ్చి అన్సార్‌కు చెప్పాను. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, ఏ సంగతైనా టికెట్టు చింపినట్టు తేలిగ్గా తీసేస్తాడు. "ఎంత పెద్దక్షరాలంట?" అన్నాడు. నా బొటనవేలు చూపించాను. "అబ్బో, అయితే బస్సులో కూచున్నోళ్లకు గూడా కనపడ్తాది," అన్నాడు. అతను నవ్వినా సరే, ఆ వేలినే ఇంకోసారి చూసుకున్నాను.

ఫిబ్రవరి 14

రాజ్యలక్ష్మమ్మ గారిని చూశాను. షుగరు కళ్లు తినేసింది, వెలుగూ చీకటీ తప్ప ఏమీ కనపడవు. వేర్లు ఒలిచే షెడ్డులోనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆడవాళ్లు వేరును చితక్కొట్టి, పైతొక్క తీసి, లోపలి నరం పారేస్తుంటే, ఆ చప్పుడు విని ఎవరు పని ఎగ్గొడుతున్నారో చెబుతుంది. ఒక వేరు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది అడవి వేరు గాదు, యాడో చేన్లో పెంచింది, పక్కన పెట్టండే," అంది. నిజమే అన్నారు వాళ్లు.

నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"సుద్దముక్క వాసన రాలేదే. ఏం పంతులమ్మవు నువ్వు?"

నేను పాఠాలు చెప్పే కాలేజీ వాళ్లు పోయిన జూన్‌లో తెలుగు సెక్షన్ ఎత్తేశారని చెప్పాను. అనవసరంగా చెప్పానేమో.

"ఎత్తేస్తే ఎత్తేసిన్రులే. నా కథ రాయనీకి వచ్చినావు గదా, ముందు మాబున్నీసా కథ రాసుకో. ఆమె లేకుంటే నేను ఇప్పటికీ కొట్లో కూచోని ధనియాలు తూకమేస్తా ఉంటి."

మాబున్నీసా ఎవరని అడిగాను. సోడా బండి మదార్ సాహెబ్ భార్య అట. నన్నారి కాచడం ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. పెద్దసుబ్బయ్య పోయిన ఏడాదికి, వేర్లు కొనడానికి కొట్టుకు వచ్చి, "ఊరికే అమ్ముతాండావు, కాస్తే దీన్ని ఊరంతా తాగుతాది గదక్కా," అందట. ఆ మాటతో పొయ్యి పెట్టారు. ఇద్దరూ.

తేజేశ్వర్ గారు ఈ పేరు నాకు చెప్పనే లేదు.

ఫిబ్రవరి 20

ఇవాళ విన్నది ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

పాకం తీగకొచ్చిందా లేదా అన్నది కంటికి తెలుస్తుంది. వేరు చేదెక్కిందా లేదా అన్నది మాత్రం నాలుకకే తెలుస్తుంది. గుండిగ దించే ముందు ఎవరో ఒకరు రుచి చూడాల్సిందే. ఇక్కడే ఉంది వీళ్లిద్దరి కిటుకు. రాజ్యలక్ష్మమ్మకు ఏడాదంతా ఏదో ఒక ఉపవాసం, ఏకాదశులు, శనివారాలు, కార్తీక సోమవారాలు. ఆ రోజుల్లో మాబున్నీసా రుచి చూసేది. రంజాన్ నెలంతా మాబున్నీసాకు రోజాలు, అప్పుడు ఈమె రుచి చూసేది.

"మా అత్తకు తెలిసుంటే బాయిలో దూకుతా ఉండె పాపా. మొగుడు సచ్చిన కోడలు, సాయిబులామె కాచింది తినేది! చెంచా అయితే ఎవురన్నా సూస్తారని, నా అరచేతిలో పోస్తా ఉండె. కాలిపోతాండె. ఇద్దరం ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటాంటిమి."

అరచెయ్యి తెరిచి చూపించింది. మధ్యలో చర్మం నున్నగా, తెల్లగా ఉంది. నేను వేలితో తాకాను.

"ఒక్క దినం తప్పు జరిగింది," అంది. పందొమ్మిది వందల ఎనభైలో, రంజాన్ నెలలో తొలి ఏకాదశి పడింది. కర్నూల్లో ఒక పెద్ద మసీదుకు ఇఫ్తార్ షర్బత్ పోవాలి. మాబున్నీసాకు రోజా. రాజ్యలక్ష్మమ్మకు ఉపవాసం. తనకు ఉపవాసమని చెప్పడానికి ఈమెకు మొహమాటం. చెబితే, అంత పనీ ఆగిపోతుందని మాబున్నీసా రోజా వదిలేస్తానంటుందేమోనని భయం. గుండిగ మీద వంగి వాసన చూసి, "బాగుండాది," అనేసింది. రుచి చూసే చెప్పిందనుకుంది మాబున్నీసా. గుండిగ దించారు.

అప్పటికే అది నల్లబడి చేదుకొచ్చింది. సాయంత్రం రోజా విడిచాక, పాత్రలు కడుగుతూ గరిటె నాకిన మదార్ సాహెబ్ చెప్పేదాకా ఇద్దరికీ తెలియదు. అప్పటికి షర్బత్ బండి వెళ్లిపోయింది. "ఇద్దరం పొయ్యి కాడ కూచోని ఏడ్సినాం పాపా. ఆమె రోజా ఇడ్సల్యా, నేను ఉపాసం ఇడ్సల్యా."

మర్నాడు మసీదు నుంచి మనిషి వచ్చాడు. తిట్టడానికి అనుకున్నారు. నిన్న పంపినట్టే, అదే నల్లది, ఇంకో నాలుగు గుండిగలు కావాలన్నాడు. ఇవాళ కంపెనీ సీసాలో ఉన్నది ఆ నల్ల నన్నారే.

నేను చాలా జీవితకథలు రాశాను. ఇలాంటిది ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 25

మాబున్నీసా మీద పదకొండు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు. అన్సార్‌కు చదివి వినిపించాను, ఎప్పుడూ మధ్యలో లేచిపోయేవాడు చివరిదాకా కూర్చున్నాడు. "ఇది నీ పేరుతోనే రావాల," అన్నాడు.

మార్చి 2

మొదటి రోజా. మొత్తం రాతప్రతి తేజేశ్వర్ గారికి పంపాను. మంచి నెల, మంచి పని.

మార్చి 5

తేజేశ్వర్ గారు కర్నూలుకు, మా ఇంటికే వచ్చారు. రోజాలో ఉన్నానని తెలిసి మంచినీళ్లు కూడా వద్దన్నారు. మర్యాద తెలిసిన మనిషి. ఆ మర్యాదతోనే రాతప్రతి తీసి, పదకొండు పేజీలకూ క్లిప్పు పెట్టి చూపించారు.

"రాసింది శానా బాగుండాది మేడం, కండ్లల్లో నీళ్లొచ్చినాయి. కానీ గుళ్ల కాడ మనవి పదకొండు అంగళ్లు ఉండాయి. ఇప్పుటి దినాలు ఎట్లుండాయో మీకు నేను చెప్పాల్నా? ఎవుడో ఒకడు ఈ పేజీ ఫోటో తీసి, సాయిబుల షర్బత్ అని ఫోన్లలో పెడ్తే ఆ అంగళ్లు ఉండవు. ఇన్నూర్ల మంది పని జేస్తాండారు నా కాడ."

అమ్మ గారు ఒప్పుకుంటారా అని అడిగాను.

"మా యమ్మకు కనపడదు గదా మేడం."

చెప్పేశాక ఆయనకే సిగ్గేసింది, తల దించుకున్నారు. తల ఎత్తకుండానే, "మీరూ ముస్లిములే, మీరే రాసినారు కాబట్టి ఆమె పేరు లేకున్నా ఇంగెవురూ మమ్మల్ని ఏమనరు. అట్ట మీద మీ పేరుంటాది," అన్నారు.

ఆ మాట మంచిగానే అన్నారు. మంచిగానే అన్నారనుకుంటాను.

మార్చి 6

తీసేయలేదు. తగ్గిస్తున్నాను. పదకొండు పేజీలు ఒకే మనిషి మీద నడవడం పుస్తకానికి కూడా బరువే, ఇది రాజ్యలక్ష్మమ్మ గారి జీవితకథ కదా.

మార్చి 9

అయిదు పేజీలయ్యాయి. చదవడానికి ఇంకా బాగుంది.

మార్చి 12

మూడు. అరచేతిలో పాకం పోయడం తీసేశాను. అది మరీ ఇంటి సంగతి, నలుగురిలో పెట్టేది కాదు.

మార్చి 13, గురువారం

ఎవరో తలుపు తట్టారు. ముప్పై ఏళ్ల అమ్మాయి, భుజానికి ల్యాప్‌టాప్ సంచి. పేరు శిరీన్, నందికొట్కూరులో మీసేవ సెంటరు నడుపుతుంది. మాబున్నీసా మనవరాలు.

"రాజ్యలక్ష్మవ్వ చెప్పినాది అక్కా, మా నానీ ఫోటో పుస్తకంలో ఏస్తారంట గదా. మా కాడ ఉండేది ఇదొక్కటే."

రేషన్ కార్డు ఫోటో. తల మీద కొంగు, ఒక కన్ను కొంచెం మూసుకుని. ఎండకేమో. శిరీన్ దాన్ని రెండు కవర్లలో పెట్టి తెచ్చింది. మా ఇల్లంతా ఒకసారి చూసి, "మీరు మనోళ్లేనంట గదా, అందుకే తెచ్చిస్తాండా, ఇంగొకరికైతే ఇయ్యకపోదును," అంది.

తీసుకున్నాను. ఏమని చెప్పను? పెడతామనలేదు. పెట్టబోమనీ అనలేదు. "భద్రంగా ఉంచుతాను," అన్నాను, అది నిజమే.

ఫోటో ఎక్కడ పెట్టాలో తెలియక ఫ్రాన్సు పుస్తకంలో పెట్టాను. ఆ పేజీలో, ఆ విధవరాలి దగ్గర నేలమాళిగలో సీసాలు చూసుకునే మేస్త్రి పేరుంది. ఇంటిపేరుతో సహా ఉంది. రెండు వందల ఏళ్ల కిందటి కూలివాడు. పుస్తకం మూసేశాను.

మార్చి 14

ఎవరైనా ఏమి రాసుకుంటారో వాళ్ల ఇష్టం. ఫ్రాన్సులో గుళ్ల దగ్గర అంగళ్లు లేవు.

మార్చి 17

తేజేశ్వర్ గారి ఫోను. మూడు పేజీలు కూడా వద్దట. పేరే వద్దట. నేను గొంతు పెంచాను. రోజాలో ఉండి అరవకూడదు, అయినా అరిచాను. ఇది చరిత్ర, మీ ఇంటి గోడ కాదు సున్నం కొట్టడానికి అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "కడపలో ఒకాయన ఉండాడు మేడం, పది దినాల్లో రాసిస్తానంటాండాడు. మీరు పడిన కష్టం ఊరికే పోనీయను, లోపల మీకు ధన్యవాదాలు ఏపిస్తాం."

ధన్యవాదాలు!

ఫోను పెట్టేసి రెండు గంటలు అలాగే కూర్చున్నాను. నలభై ఆరేళ్లు. మళ్లీ ఎవరు పిలుస్తారు? మళ్లీ ఎప్పుడు?

సాయంత్రం ఇఫ్తార్‌కు ముందే పంపేశాను. మూడు పేజీల చోట ఒక్క వాక్యం. "ఆ తొలినాళ్లలో బట్టీ దగ్గర ఒక నమ్మకమైన మనిషి ఆమెకు తోడుగా ఉండేది."

మార్చి 18

ఆ వాక్యంలో ఆమె ఉంది. తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

మార్చి 19

తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

మార్చి 21, శుక్రవారం

రాజ్యలక్ష్మమ్మ గారు కబురు పెట్టింది, అచ్చుకు పోయే ముందు మాబున్నీ పాఠం తనకు చదివి వినిపించాలని. పాఠం అంటుంది. పోకుండా ఉండడానికి ఎన్ని సాకులు వెతికానో, రోజా అన్నాను, ఎండ అన్నాను. కారు వచ్చేసింది.

సంచిలో ఏం పెట్టుకున్నానో ఇక్కడైనా నిజం రాయాలి. ప్రూఫు పెట్టుకోలేదు. ఫిబ్రవరిలో రాసిన పదకొండు పేజీలు పెట్టుకున్నాను.

చదివాను. మొత్తం. పని ఆపి ఆడవాళ్లు కూడా విన్నారు. అరచేతుల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి అదే తెరుచుకుంది. మదార్ సాహెబ్ గరిటె నాకిన చోట ఒక్క దిద్దుబాటు చెప్పింది, "గరిటె గాదు, జల్లెడ గుడ్డ." పెన్ను తీసి దిద్దాను. ఏ కాగితం మీద దిద్దాను? ఎక్కడా అచ్చుకాని కాగితం మీద.

"ఇన్ని దినాలూ గుండెల మీద పెట్టుకోని మోసినా పాపా. ఆమె బతికుండంగా నా నోటితో నలుగుర్లో ఒక్కసారి గూడా చెప్పల్యా, ఈ షర్బత్ ఆమెదని. కులపోళ్లకు భయపడి చెప్పల్యా. ఆమె సచ్చిపోయినప్పుడు మయ్యత్తును గూడా దూరం నుంచి సూసి వచ్చినా. ఇంగ నువ్వు చెప్పినావు. ఇంగ నేను పోయినా ఏం లేదు."

నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను ఆ చేతులు ఇవ్వలేకపోయాను, లాక్కోలేకపోయాను.

అబద్ధం చదవలేదు. రాసిందే చదివాను.

మార్చి 25

పుస్తకం వచ్చింది. పేరు బొటనవేలంత కాదు గానీ, చిటికెన వేలంత ఉంది. సాజియా. నిగనిగలాడుతోంది. అన్సార్ దాన్ని బస్సులో డ్రైవరుకు చూపించాడట. ఇఫ్తార్ అయ్యాక మళ్లీ మళ్లీ తీసి చూసుకున్నాను. సంతోషంగా ఉంది. ఉండకూడదా?

మార్చి 26, బుధవారం

మొదటి కాపీ నా చేత్తోనే ఇవ్వాలంది ఆమె. వెళ్లాను.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్ట నిమిరింది, వాసన చూసింది, రంగు ఏమిటని అడిగింది. తర్వాత అంది, "మాబున్నీ ఏ పేజీలో ఉండాది?"

ఆలోచించకుండా చెప్పేశాను. యాభై ఎనిమిది. ఆ వాక్యం ఉన్న పేజీ అదే.

"తెరువు. నా ఏలు పట్టుకోని ఆ పేరు మీద పెట్టు. కనపడదులే, తాకినా సాలు."

తెరిచాను. ఆమె చూపుడువేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. షెడ్డులో వేర్లు దంచుతున్నారు, నా గొంతు ఎవరికీ వినిపించదు, ఆమెకు తప్ప. చెప్పలేదు. ఆ వేలిని తీసుకెళ్లి "నమ్మకమైన మనిషి" మీద పెట్టాను.

"ఇదేనా?"

"ఇదే అమ్మా."

ఆ రెండు మాటల మీద వేలు అటూ ఇటూ రాస్తూ చాలాసేపు కూర్చుంది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. అంతలో గేటు దగ్గర ఎవరో పలకరించారు. శిరీన్. ఆమెనూ పిలిపించిందని నాకు తెలియదు.

"శిరీనూ, బిన్నె రా! మీ నానీ పేరు సూడు. నా ఏలి కింద ఉండాది, కదిలియ్యకుండా పట్టుకోనుండా."

శిరీన్ చెప్పులు విడిచి వచ్చి, కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అవ్వ వేలు మెల్లగా పైకెత్తి చదివింది. వాక్యం మొత్తం. దాని పైదీ, కిందదీ చదివింది. తర్వాత నన్ను చూసింది. తిట్టినా బాగుండేది.

"ఉండాదవ్వా," అంది. "బాగా పెద్దక్షరాల్తో ఏసినారు."

"సదువు. గట్టిగా."

"మాబున్నీసా."

"ఇంగోసారి."

"మాబున్నీసా."

మూడుసార్లు చదివింది, ఆ పుస్తకంలో లేని పేరు. మూడోసారి గొంతు పట్టేసింది. సంతోషమనుకుంది ముసలామె, తల నిమిరింది.

నేను కారు దగ్గరకు వస్తుంటే శిరీన్ వెనకే వచ్చింది. అడ్డం నిలబడింది.

"ఆయమ్మకు ఇప్పుడు చెప్తే సచ్చిపోతాది, అందుకని చెప్పినా. మీ కోసరం గాదు." కారు తలుపు తనే తీసింది. "మా నానీ ఫోటో పంపియ్యండి."

మార్చి 27

రోజా. తలనొప్పి. ఏమీ రాయను.

ఫోటో రిజిస్టర్డు పోస్టులో పంపాను.

మార్చి 28, శుక్రవారం

ప్రెస్సు వాళ్లు కట్టలన్నీ మా ఇంట్లో దించారు. మూడు వందలు. ఉగాది నాడు నందికొట్కూరులో సభ, వచ్చినవాళ్లందరికీ రచయిత్రి సంతకంతో ఇవ్వాలని తేజేశ్వర్ గారి కోరిక. ఆయనే ఫోన్ చేసి చెప్పారు, నీలం పెన్ను వాడండి మేడం, బాగుంటాది అని కూడా చెప్పారు.

మొదటి పుస్తకం తీసి, లోపలి పేజీలో సాజియా అని రాశాను. రెండో దానిలోనూ రాశాను. నా దస్తూరి బాగుంటుంది. మూడోది తీసుకున్నాను, పెన్ను కదల్లేదు.

ఇన్ని రోజులూ తేజేశ్వర్ గారు తీయించారు, తేజేశ్వర్ గారు తీయించారు అని మనసులో అనుకుంటూ వచ్చాను. ఆయన చేతిలో పెన్ను ఎప్పుడుంది? పదకొండును అయిదు చేసింది నేను. అయిదును మూడు చేసింది నేను. ఎవరూ అడగకముందే అరచేతులు తీసేసింది నేను. ధన్యవాదాల్లో పడిపోతానని భయపడి ఒక మనిషిని "ఒక మనిషి" చేశాను. అది ఎట్లా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇరవై రెండేళ్లు తెలుసుకున్నాను కదా. తోబా!

యాభై ఎనిమిదో పేజీ తెరిచాను. "ఒక నమ్మకమైన మనిషి" కొట్టేసి, పైన రాశాను. మాబున్నీసా. పేజీ కింద ఖాళీలో ఇంకో రెండు వరుసలు రాశాను. "ఈ షర్బత్ మొదట కాచిన చేయి మాబున్నీసాది. ఆమె రోజాలో రాజ్యలక్ష్మమ్మ, రాజ్యలక్ష్మమ్మ ఉపవాసంలో ఆమె, ఒకరి కోసం ఒకరు రుచి చూశారు."

ఇరవై పుస్తకాలయ్యేసరికి అన్సార్ డ్యూటీ దిగి వచ్చాడు. ఒకటి తీసి చదివాడు. టోపీ తీసి మంచం మీద పెట్టాడు.

"తేజేశ్వర్ సూస్తే?"

"చూస్తాడు."

"రెండో తూరి అచ్చేస్తే నీ పేరు ఉండదు మే."

"ఉండదు."

"ఇంగ కర్నూల్లో ఒక్కడు గూడా నిన్ను పిలిచి రాయమనడు."

"అనడు."

నా ఎదురుగా కింద కూర్చుని, కట్ట విప్పి, ఒక్కో పుస్తకమూ యాభై ఎనిమిదో పేజీకి తెరిచి నా ముందుకు తోయడం మొదలుపెట్టాడు.

మార్చి 29, శనివారం

చెయ్యి వాచింది. మధ్యాహ్నం మూడున్నరకు మూడు వందలూ అయిపోయాయి. మొదటి రెండింటిలో తప్ప ఎందులోనూ సంతకం పెట్టలేదు.

శిరీన్‌కు ఫోన్ చేశాను, రేపు సభకు రమ్మని. "ఎందుకు?" అంది. అవ్వ పక్కన కూర్చుని ఆ పేజీ ఇంకోసారి చదవాలి అన్నాను, ఈసారి ఉన్నదే చదవాలి అన్నాను. "ఏమి జేసినారక్కా?" అంది. చెప్పాను. ఏడ్చిందో, తిట్టుకుందో తెలియదు, ఫోన్ పెట్టేసింది. వస్తుందో రాదో చెప్పలేదు.

అయిదింటికి తేజేశ్వర్ గారు చేశారు. వెనక మైకు పరీక్షిస్తున్న గొంతులు.

"సంతకాలు అయిపోయినాయా మేడం?"

"అయిపోయినాయండీ."

"అన్నిట్లోనా?"

"ఒక్కటి కూడా వదల్లేదు."

"శానా సంతోషం మేడం. మా యమ్మ మిమ్మల్ని తన పక్కనే కూచోబెట్టమంటాండాది. పొద్దున్నే వ్యాను పంపిస్తా, పుస్తకాలూ మీరూ ఒకేసారి వచ్చేయండి."

సరేనన్నాను. కట్టలు మళ్లీ తాడుతో కట్టాం. భయంగా ఉంది. ఇక్కడ దాచుకోవడం ఎందుకు, చాలా భయంగా ఉంది. వ్యాను ఎనిమిదింటికి వస్తుంది.